గ్రిల్డ్ సాల్మన్ వంటకంలో మందం, సెగ, సమయం రాయండి

సంపాదకులు గారికి,

నమస్కారం. ఆదివారం అనుబంధాల వంటల పేజీల్లో ‘గ్రిల్డ్ సాల్మన్, కూరగాయలు’ అనే వంటకం కొన్నాళ్లుగా తరచుగా కనిపిస్తోంది. మన పత్రికల్లో ఈ వంటకానికి చోటు దొరకడం నాకు సంతోషమే. ఆ వంటకాలన్నిటిలోనూ పదార్థాల పట్టిక చక్కగానే ఉంటుంది: సాల్మన్ ముక్కలు నాలుగు, ఆలివ్ నూనె రెండు చెంచాలు, నిమ్మకాయ ఒకటి, మిరియాల పొడి తగినంత. తయారీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘చేపకు మసాలా పట్టించి గ్రిల్ మీద రెండు వైపులా దోరగా కాల్చుకోవాలి’ అన్న ఒక్క వాక్యంతో సరిపెడుతున్నారు. ముక్క ఎంత మందం ఉండాలో, సెగ ఎంత ఉండాలో, ఎన్ని నిమిషాలు ఉంచాలో, ఉడికిందని దేన్నిబట్టి పోల్చుకోవాలో రాయడం లేదు. చేపల పులుసుకైతే ఇవేవీ రాయనక్కరలేదు. చింతపండు రసంలో ముక్క అయిదు నిమిషాలు ఎక్కువ ఉడికినా కొంపలు మునగవు, ఆ అంచనా మన చేతులకు తరాలుగా అలవాటు. గ్రిల్ మీద పెట్టిన సాల్మన్ విషయంలో అయిదు నిమిషాలు ఎక్కువైతే అంత ఖరీదైన చేపా పీచులా ఎండిపోతుంది. ఆ వంటకం రాసేవారు ఈ వివరాలు కూడా రాయాలని, వాటికి చోటు చాలకపోతే పక్కన ఉన్న ఫొటోను కాస్త చిన్నది చేసి అయినా అచ్చువేయాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

మాది గోదావరి జిల్లా. పదకొండేళ్లుగా అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని బాతెల్‌లో ఉంటున్నాము. సియాటిల్ చుట్టుపక్కల ఊళ్లలో సాల్మన్ అంటే మన గోదావరి ఒడ్డున పులస అన్నంత మాట. మే నెల నడుమ అలాస్కాలోని కాపర్ నదిలో వేట మొదలై, ఆ చేపలు మొదటి విమానంలో సియాటిల్‌కు దిగిన రోజు ఇక్కడి వార్తల్లో అదే ముఖ్యాంశం. 1907లో మొదలైన పైక్ ప్లేస్ మార్కెట్‌లో చేపల దుకాణాల ముందు నిలబడి చూస్తే, యానాం వంతెన దగ్గర పులస పాట పాడుతున్నప్పుడు జనం మూగినట్టే మూగుతారు. వేసవి సాయంత్రాల్లో ఏ వీధిలోకి వెళ్లినా ఏదో ఒక పెరట్లోంచి ఈ చేప కాలుతున్న వాసన వస్తుంది. మన తెలుగువాళ్లు వేల సంఖ్యలో ఉన్న ప్రాంతం ఇది, కనుక మీ పేజీలో వచ్చిన వంటకాన్ని ఫోన్‌లో ఒకరికొకరు పంపుకొని, ఆ శనివారమే చేసి చూసేవారు ఇక్కడ చాలామంది ఉన్నారు. అలా చేసి పాడు చేసుకొని, ‘సాల్మన్ మన నోటికి పట్టదు’ అని తీర్మానించుకున్నవారు కూడా నాకు తెలుసు. తప్పు చేపది కాదు.

మొదట పేరు దగ్గరే ఒక చిక్కు ఉంది. మన దేశంలో చేపల దుకాణాల్లో ‘ఇండియన్ సాల్మన్’ అని అమ్మేది మన తీరంలో మాగ అనీ, ముంబై వైపు రావస్ అనీ పిలిచే చేప. అది రుచికరమైన చేపే, కాని సాల్మన్ జాతి కాదు. దాని మాంసం తెల్లన, కొవ్వు తక్కువ. వంటకంలో ‘సాల్మన్’ అని మాత్రమే రాస్తే కాకినాడలో ఒకరు మాగ కొంటారు, హైదరాబాద్‌లో ఒకరు సూపర్ మార్కెట్‌లో గడ్డకట్టిన అట్లాంటిక్ సాల్మన్ కొంటారు, నేను ఇక్కడ సాకై కొంటాను. మూడింటికీ సెగ, సమయం వేరు. అట్లాంటిక్ సాల్మన్ అంటే నార్వే, చిలీ, స్కాట్లండ్ వంటి చోట్ల సముద్రంలో వలల గూళ్లలో పెంచేది; కొవ్వు బాగా ఉండి, కొంచెం ఎక్కువ సేపు ఉంచినా ఓర్చుకుంటుంది. ఇక్కడి పసిఫిక్ తీరంలో సహజంగా దొరికేవి అయిదు రకాలు: చినూక్, సాకై, కోహో, పింక్, చమ్. వీటిలో కింగ్ అని కూడా పిలిచే చినూక్ పెద్దది, మందమైనది, బాగా కొవ్వు పట్టినది. సాకై ఎర్రగా, పలచగా ఉంటుంది. ముక్కాలు అంగుళం మందం ఉన్న సాకై ముక్కకు ఆరేడు నిమిషాలు చాలు. అదే సెగ మీద అంగుళంన్నర మందం ఉన్న చినూక్ ముక్కకు పావుగంట పడుతుంది. అందుచేత రకం పేరు, మందం రాయకుండా నిమిషాలు రాసినా ప్రయోజనం లేదు.

ఈ చేపకు అంత కొవ్వు ఎందుకో తెలిస్తే దాన్ని ఎలా వండాలో సగం తెలిసినట్టే. పులస సముద్రంలో పెరిగి, వరదనీటి ఎర్రదనం చూసి గోదావరికి ఎదురీదుతూ ధవళేశ్వరం దాకా వచ్చినట్టే, సాల్మన్ కూడా సముద్రంలో కొన్నేళ్లు పెరిగి, తాను పుట్టిన ఏటికే గుడ్లు పెట్టడానికి తిరిగి వస్తుంది. నదిలో అడుగుపెట్టాక అది దాదాపు ఏమీ తినదు. దారి పొడుగునా ఒంట్లో దాచుకున్న కొవ్వే దానికి ఆహారం. కాపర్ నది పొడవైనది, చల్లనిది, ప్రవాహం ఉరవడి ఎక్కువ. అందుకే ఆ నదిలోకి బయలుదేరే చేపకు అంత కొవ్వు, అంత పేరు. పసిఫిక్ సాల్మన్ గుడ్లు పెట్టాక చనిపోతుంది, పులసకు ఆ గతి లేదు. ఆ ఒక్క తేడా తప్పిస్తే రెండింటి కథా ఒకటే. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఇసాక్వాలోని చేపపిల్లల కేంద్రానికి పిల్లలను తీసుకెళ్లినప్పుడల్లా, ఒళ్లంతా దెబ్బలు తగిలి, తోక చెక్కుకుపోయి కూడా ఎగిరెగిరి ముందుకు పోతున్న ఆ చేపలను చూసి, ‘పుస్తెలమ్మయినా పులస తినాలి’ అన్న మాట గుర్తొచ్చి నాకు గొంతు పట్టేస్తుంది. అంత దూరం ఈదడానికి కూడబెట్టుకున్న కొవ్వును నూనె పోసి, మసాలా కప్పి, ఎండేదాకా కాల్చి పోగొట్టడం నాకు మనసొప్పదు.

కాని మొదటిసారి నేను చేసింది అదే. ఇంట్లో చేపల వేపుడుకు ఎలా కలుపుతామో అలాగే అల్లం వెల్లుల్లి ముద్ద, కారం, పసుపు, ధనియాల పొడి, రెండు నిమ్మకాయల రసం కలిపి ముక్కలకు దట్టంగా పట్టించి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాను. పొద్దున తీసి చూస్తే ముక్క అంచులు అప్పుడే ఉడికినట్టు తెల్లబడి, వేలు తగిలితే విడిపోతున్నాయి. నిమ్మరసంలోని పులుపు రాత్రికి రాత్రి చేప పైపొరను ఆ స్థితికి తెచ్చింది. గ్రిల్ మీద వేయగానే అల్లం వెల్లుల్లి ముద్ద నల్లగా మాడి ఊచలకు అంటుకుపోయింది. తిప్పబోతే చేప అట్లకాడకు సగం, ఊచలకు సగం వచ్చింది. కారుతున్న నూనె బొగ్గుల మీద పడి మంట ఒక్కసారిగా లేచి, మిగిలింది మసి పట్టింది. ఆ రోజు భోజనానికి వచ్చినవారికి పప్పుచారు, అప్పడాలు పెట్టి పంపాను. నిమ్మరసం కలిపితే పావుగంటకు మించి ఉంచకూడదన్న ఒక్క వాక్యం ఆ వంటకంలో రాసి ఉంటే ఆ చేప దక్కేది.

ఇప్పుడు నేను చేసే పద్ధతి చెబుతాను. ఇది నేను కనిపెట్టింది కాదు, ఇక్కడి ఇరుగుపొరుగు నేర్పింది. వండటానికి ఇరవై నిమిషాల ముందు ముక్కకు ఉప్పు మాత్రమే చల్లి, ఊరిన నీటిని కాగితపు తువాలుతో పూర్తిగా అద్దేస్తాను. తడి ఉన్న చేప కాలదు, ఉడుకుతుంది, పైగా అంటుకుంటుంది. తోలు తీయించను; తోలే చేపకూ నిప్పుకూ నడుమ అడ్డు. ముక్క మీద వేలు పెట్టి తల వైపు నుంచి తోక వైపు నెమ్మదిగా రాస్తే సన్నని ముళ్లు చేతికి తగులుతాయి. వాటిని చిన్న పట్టకారుతో అవి వాలిన దిక్కుకే లాగితే మాంసం చినగకుండా వస్తాయి. తోక దగ్గరి పలచని భాగాన్ని కిందికి మడిస్తే మిగతా ముక్కతో సమానంగా కాలుతుంది. ఆ తరువాత చేపకు పలచగా నూనె రాసి, మిరియాల పొడి, వేయించి దంచిన ధనియాలు చల్లుతాను. మన రుచి కావాలంటే పొడి మసాలాలు బాగా పనికొస్తాయి, తడి ముద్దలే మాడతాయి.

గ్రిల్ గ్యాసుదైతే మూత వేసి పది పదిహేను నిమిషాలు కాగనివ్వాలి. బొగ్గులదైతే బొగ్గుల మీద నివురు తెల్లగా పట్టేదాకా ఆగాలి, దానికి ఇరవై నిమిషాలైనా పడుతుంది. అప్పుడు బొగ్గులన్నిటినీ ఒక పక్కకు నెట్టాలి. గ్యాసుదాంట్లో ఒక బర్నర్ ఆర్పేస్తే సరిపోతుంది. అప్పుడు గ్రిల్‌లో ఒక వైపు మంట, ఒక వైపు సెగ మాత్రమే ఉంటాయి. నా లెక్కన ఈ వంటలో తెలుసుకోవలసిన అసలు సంగతి ఇదే, మన వంటకాల్లో ఎక్కడా కనిపించనిదీ ఇదే. మంట లేచినప్పుడు చేపను జరపడానికి చోటుండాలి. థర్మామీటర్ లేని గ్రిల్ అయితే అరచేతిని ఊచలకు నాలుగైదు అంగుళాల పైన పెట్టి చూడాలి. మూడు నాలుగు సెకన్లకు మించి ఉంచలేకపోతే చేపకు కావలసిన సెగ వచ్చినట్టు. మూత మీద థర్మామీటర్ ఉంటే అది 400 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర, అంటే సుమారు 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండాలి. ఊచలను శుభ్రం చేసి, నూనెలో ముంచిన గుడ్డ మడతను పట్టకారుతో పట్టుకొని రుద్దాలి. చేపను తోలు కిందికి వచ్చేలా పెట్టి మూత వేసి, ఇక ముట్టుకోకూడదు. అంగుళం మందానికి పది నిమిషాలు అన్నది కెనడా మత్స్యశాఖ ఏనాడో ప్రచారం చేసిన లెక్క; దాన్ని మొదలుగా పెట్టుకొని, ఎనిమిదో నిమిషం నుంచి చూడటం మొదలుపెట్టాలి. తిప్పవలసిన అవసరమే లేదు. ‘రెండు వైపులా దోరగా’ అన్న మాట ఈ చేపకు వర్తించదు. దించేటప్పుడు తోలు ఊచలకు అంటుకున్నా దిగులు పడనక్కరలేదు, తోలుకూ మాంసానికీ మధ్య అట్లకాడ దూరిస్తే ముక్క తేలిగ్గా లేచి వస్తుంది.

ఉడికిందని తెలుసుకోవడమే మనవాళ్లకు కష్టం. మన చేపలు ఉడికితే తెల్లబడతాయి; సాల్మన్ ఉడికినా గులాబీ రంగులోనే ఉంటుంది. మా అమ్మ మొదటిసారి ఇక్కడికి వచ్చినప్పుడు నేను ముక్క కోసి పళ్లెంలో పెడితే, వేలితో నొక్కి చూసి, ‘ఇంకా పచ్చిగానే ఉందే అమ్మాయీ, నీకు తొందరెక్కువ, ఇంకాసేపు ఉంచు’ అంది. నేను థర్మామీటర్ ముల్లు ముక్క నడుమ గుచ్చి చూపించాను. అమెరికా ఆహార, ఔషధాల పర్యవేక్షణ సంస్థ చేపకు చెప్పే ఉష్ణోగ్రత 145 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 63 డిగ్రీల సెల్సియస్. నేను 140 దగ్గర, అంటే 60 సెల్సియస్ దగ్గర దించి పళ్లెంలో రెండు మూడు నిమిషాలు వదిలేస్తాను, లోపలి వేడికి మిగతా అయిదు డిగ్రీలు అదే ఎక్కుతుంది. అమ్మ ఆ అంకె ఎక్కడం కళ్లారా చూసింది. ఒక ముక్క విరిచి నోట్లో పెట్టుకొని, ‘వెన్నలా ఉందే’ అంది. ఆ తరువాత ఉన్న ఆర్నెల్లూ థర్మామీటర్ ఆవిడ చేతిలోనే ఉంది. థర్మామీటర్ లేనివారు ముక్క మధ్య చాకు మొన పెట్టి పక్కకు ఒత్తి చూడవచ్చు: గాజులా మెరిసే ముదురు రంగు పోయి, పొరలు పొరలుగా విడుతూ లేత గులాబీ రంగులోకి మారితే ఉడికినట్టు. పైన పెరుగు తరకల్లాంటి తెల్లటి పదార్థం ఊరుతుంటే అది చేపలోని మాంసకృత్తు. కొద్దిగా వస్తే పరవాలేదు, ఎక్కువగా వస్తే సెగ మరీ ఎక్కువైందని, దించే సమయం దాటుతోందని గుర్తు.

ఈ నేలకు మొదటి హక్కుదారులైన ఆదివాసుల పద్ధతి చూసినప్పుడు నాకు ఈ సెగ సంగతి పూర్తిగా అర్థమైంది. వారు చేపను నిలువునా చీల్చి, సీడార్ పుల్లల నడుమ బిగించి, ఆల్డర్ కట్టెల నిప్పు చుట్టూ ఆ పుల్లలను నేలలో గుచ్చుతారు. చేప మంటకు తగలదు, పక్కనుంచి వచ్చే సెగకే నెమ్మదిగా కాలుతుంది. ఈ రోజుల్లో దుకాణాల్లో అమ్మే సీడార్ పలకలు ఆ పద్ధతికి దగ్గరివే. పలకను గంటసేపైనా నీళ్లలో నానబెట్టి, దాని మీద చేపను పెట్టి గ్రిల్ మూత వేస్తే, అడుగు మాడదు, అంటుకోదు, ఆ చెక్క పొగ వాసన చేపకు పడుతుంది. మొదటిసారి చేసేవారికి నేను ఇదే చెబుతాను. అయితే సమయం కాస్త ఎక్కువ పడుతుంది, అంగుళం ముక్కకు పావుగంట, ఇరవై నిమిషాల మధ్య.

కూరగాయల విషయానికి వస్తే, మన వంటకాల్లో వాటిని చేపకు పక్కన అలంకారంగా చూస్తున్నారు. ‘క్యాప్సికం, ఉల్లి, జుకినీ ముక్కలను కూడా గ్రిల్ చేసి వడ్డించాలి’ అని ఒక ముక్కతో వదిలేస్తున్నారు. నిప్పు మీద కూరగాయ కాల్చడం మనకు కొత్త కాదు. కుంపట్లో కాల్చిన వంకాయతో పచ్చడి చేసుకున్న జాతి మనది, పొలం గట్టున మొక్కజొన్న పొత్తులు, పొయ్యి బూడిదలో చిలగడదుంపలు కాల్చుకు తిన్నవాళ్లం. తెలిసిన ఆ విద్యనే ఇక్కడ వాడుకోవాలి. చేప పది నిమిషాల్లో అయిపోతుంది, కూరగాయల్లో ఒక్కొక్కదానికి ఒక్కో సమయం. అన్నీ ఒకేసారి వేస్తే ఒకటి మాడుతుంది, ఒకటి పచ్చిగా ఉంటుంది. నేను కూరగాయలను ముందే కాల్చి పక్కన పెడతాను. అవి గోరువెచ్చగా ఉన్నా బాగుంటాయి, చేప మాత్రం వేడిగా తినాలి.

మొక్కజొన్న పొత్తుకు తిప్పుతూ పది పన్నెండు నిమిషాలు పడుతుంది. కీరదోసలా ఉండే జుకినీని గుండ్రంగా కోస్తే ఊచల సందుల్లోంచి జారిపోతుంది, కనుక నిలువునా అరంగుళం మందాన కోసి, ఒక్కో వైపు మూడు నాలుగు నిమిషాలు ఉంచాలి. ఆస్పరాగస్ కాడలను విరిస్తే ముదురు భాగం దానంతట అదే తెగుతుంది. వాటిని ఊచలకు అడ్డంగా పరిస్తే అయిదారు నిమిషాల్లో అవుతాయి. క్యాప్సికం పెద్ద పెద్ద పలకలుగా కోసి, పైతొక్క నిప్పు వైపు ఉంచి, బొబ్బలెక్కేదాకా కదపకూడదు. ఉల్లిపాయ చక్రాలు విడిపోకుండా అడ్డంగా ఒక పుల్ల గుచ్చాలి, ఆ పుల్లను ముందే నానబెట్టకపోతే కాలిపోతుంది. పొడవాటి వంకాయను నిలువునా చీల్చి, కోసిన వైపు గాట్లు పెట్టి నూనె రాసి, సెగ వైపునే ఎక్కువసేపు ఉంచాలి. పైన మాడి లోపల పీచుగా ఉన్న వంకాయ కంటే చప్పనిది ఇంకొకటి లేదు. చిలగడదుంపను ముందే ముప్పాతిక వంతు ఉడికించుకోవాలి. నూనె ముక్కలకు పట్టించాలి, జుకినీకి, పుట్టగొడుగులకు ఉప్పు దించాక వేయాలి, లేకపోతే నీరు వదిలి ఉడికిపోతాయి. ముక్క మీద ముక్క పడకుండా ఎడం ఉండాలి. మా ఇంట్లో కాల్చిన టమాటా, వంకాయ, పచ్చిమిరపకాయలను కాస్త ఉప్పు, వెల్లుల్లి రెబ్బ వేసి రోట్లో కచ్చాపచ్చాగా నూరి, చివర నిమ్మకాయ పిండి సాల్మన్ పక్కన వడ్డిస్తాను. ఆ చేపలోని కొవ్వుకు ఈ పులుపు, కారం చక్కగా సరిపోతాయి. చేపకు పట్టించాలని మొదట్లో తాపత్రయపడిన మసాలా రుచంతా ఇక్కడ పచ్చడిలో దొరుకుతుంది.

కూరగాయలు ముందు కాల్చడానికి ఇంకొక కారణం ఉంది. మన ఇళ్లకు భోజనానికి వచ్చేవారిలో శాకాహారులు తప్పకుండా ఉంటారు. చేప కాలిన ఊచల మీద వారి కూరగాయలు కాల్చడం, అదే పట్టకారుతో తిప్పడం మర్యాద కాదు. ఎదుటివారు మొహమాటానికి ఏమీ అనకుండా పెరుగన్నంతో లేచిపోవడం నేను చూశాను. శుభ్రమైన ఊచల మీద ముందు వారి భాగం కాల్చి, వేరే పళ్లెంలో తీసి, పట్టకారు, అట్లకాడ మార్చిన తరువాతే చేప పెట్టాలి. పచ్చి చేప పెట్టిన పళ్లెంలో ఉడికిన చేపను తిరిగి పెట్టకూడదన్నది ఎవరికైనా వర్తించే జాగ్రత్త.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన విషయం. గ్రిల్ ఎక్కడ పెట్టాలో మన వంటకాలు చెప్పవు. మేము మొదట అద్దెకున్న అపార్ట్‌మెంటులో తెలియక బాల్కనీలో బొగ్గుల గ్రిల్ వెలిగించాము. పై అంతస్తువారు ఫిర్యాదు చేస్తే యాజమాన్యం హెచ్చరిక లేఖ పంపింది. అప్పుడు చిన్నబుచ్చుకున్నాను గాని, వారిదే న్యాయం. ఆ బాల్కనీ నేల, గోడ, పైకప్పు అన్నీ చెక్కవే. అమెరికాలో చాలా ఊళ్ల అగ్నిమాపక నిబంధనల ప్రకారం అపార్ట్‌మెంట్లలో ఇలాంటి మంటను కాలే గుణమున్న కట్టడానికి పదడుగుల దూరంలో ఉంచాలి. గ్రిల్ కొనే ముందే అద్దె ఒప్పందంలో ఏముందో చదువుకోవాలి.

అంతకంటే పెద్ద ప్రమాదం బొగ్గుల గ్రిల్‌ను ఇంట్లోకి తేవడం. 2006 డిసెంబరు నడుమ ఈ రాష్ట్రంలో పెనుగాలి వీచి లక్షల ఇళ్లకు రోజుల తరబడి కరెంటు లేకుండా పోయింది. చలికి తట్టుకోలేక, వంటకు దారిలేక, కొన్ని కుటుంబాలు బొగ్గుల గ్రిల్‌ను ఇంటి లోపల వెలిగించుకున్నాయి, కొన్ని జనరేటర్‌ను లోపల నడిపాయి. రంగు, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు కమ్మి కొందరు ప్రాణాలు కోల్పోయారు, ఎంతోమంది ఆసుపత్రుల పాలయ్యారు. వారిలో ఎక్కువమంది వేరే దేశాలనుంచి వచ్చి స్థిరపడినవారు, ఇంగ్లిషులో వస్తున్న హెచ్చరికలు వారికి చేరలేదు. అప్పుడు సియాటిల్‌లోని దినపత్రిక ఆ హెచ్చరికను మొదటి పేజీలో పలు భాషల్లో అచ్చువేసింది. ఈ విషయం తెలిసిననాటి నుంచీ, వంటల పేజీలో వచ్చే రెండు వాక్యాలు కూడా ప్రాణం నిలబెట్టగలవని నేను నమ్ముతున్నాను. గ్యారేజీ తలుపు తెరిచి పెట్టినా సరే, లోపల బొగ్గులు వెలిగించకూడదు. సంక్రాంతి చలిలో గదిలో కుంపటి పెట్టుకునే అలవాటున్న ఊళ్లు మనకూ ఉన్నాయి, కనుక ఈ హెచ్చరిక అమెరికా పాఠకులకు మాత్రమే కాదు.

ఊచలు రుద్దే ఇనుప తీగల బ్రష్షుల గురించి కూడా ఒక మాట. వాటి తీగలు ఊడి ఊచలకు అంటుకొని, ఆహారంతో గొంతులోకీ పేగుల్లోకీ వెళ్లి గుచ్చుకున్న సంఘటనలు ఇక్కడి వైద్యులు నమోదు చేశారు. నేను సగానికి కోసిన ఉల్లిపాయను ఫోర్కుకు గుచ్చి, వేడెక్కిన ఊచల మీద రుద్దుతాను. మురికి వదులుతుంది, భయం లేదు.

ఆంధ్ర, తెలంగాణలలోని పాఠకులు గడ్డకట్టిన సాల్మన్ కొన్నప్పుడు, వేడినీళ్లలో వేయకుండా ముందురోజు రాత్రే ఫ్రిజ్ కింది అరలోకి మార్చి కరగనివ్వాలి. దాని ఖరీదు భరించలేనివారు దిగులు పడవలసిన పని లేదు. మన తీరంలో పెంచే పండుగప్ప గ్రిల్‌కు చాలా అనువైన చేప. తోలు గట్టిది, మాంసం పొరలుగా విడుతుంది. వంజరానికి కొవ్వు తక్కువ కనుక మధ్యమధ్య నూనె రాయాలి. వాటి పేరుతోనే వంటకం అచ్చువేస్తే మన ఊళ్లవారికి ఇంకా మేలు.

చివరిగా, ఆ తయారీ వాక్యం ఎలా ఉండాలని నేను కోరుకుంటున్నానో రాసి చూపుతాను. మీకు సమ్మతమైతే ఇలాగే వాడుకోండి: ‘తోలు ఉన్న, అంగుళం మందం గల సాల్మన్ ముక్కకు ఇరవై నిమిషాల ముందు ఉప్పు చల్లి, తడి అద్ది, పలచగా నూనె రాయాలి. ఆరుబయట, గోడకు దూరంగా పెట్టిన గ్రిల్‌ను సుమారు 200 డిగ్రీల సెల్సియస్‌కు కాచి, ఒక పక్క మంట లేకుండా ఉంచుకోవాలి. కూరగాయలు ముందు కాల్చి తీసి, ఊచలకు నూనె రుద్ది, చేపను తోలు కిందికి ఉండేలా పెట్టి మూత వేయాలి. తిప్పకూడదు. మంట లేస్తే మంట లేని పక్కకు జరపాలి. ఎనిమిదో నిమిషంలో నడిమి భాగాన్ని చూసి, 60 డిగ్రీల దగ్గర దించి, మూడు నిమిషాలాగి వడ్డించాలి. లోపల లేత గులాబీ రంగు ఉండటం సహజం.’

భవదీయురాలు,
మీ పాఠకురాలు,
బాతెల్, వాషింగ్టన్ రాష్ట్రం